అనుబంధం మూడు

నయీంనగర్ల నా కొట్టు.
బైండింగ్, స్పైరల్, బంగారు అక్షరాలు.
బోర్డు మీది బంగారం ఎన్నడో వెలిసిపోయింది.

ఇరవై ఆరేండ్ల సంది డాక్టర్లను తయారుజేస్తున్న,
పదో తరగతి తప్పినోన్ని.
ఇత్తడి అచ్చులు వేడిజేసి రెగ్జిన్ మీద అదుముత.
ఒట్టి పేరుతోని వచ్చినోళ్లు
ఆర్నెల్లకు మిఠాయి డబ్బతోని వస్తరు,
పేరుకు ముందల ఒక అక్షరం, ఒక చుక్క.

పుస్తకాలు చదవను గని
ఎవలు ఎంతదాక చదివిన్రో చెప్పగల.
వీపు చెప్తది.
పరీక్షకుల దగ్గరికి పోయొచ్చిన కాపీ
మొదటి అధ్యాయం దాటినంక కిర్రుమంటది,
ఎవల కాలూ ఎరుగని కొత్త చెప్పు లెక్క.
కృతజ్ఞతల పేజీ మాత్రం మెత్తగుంటది.
అందరు అక్కడ తమ పేరు ఎతుక్కుంటరు.

జన్ను కరుణ వచ్చిన నాడు వాన.
ఉన్న ఒక్క పాలిథిన్ కవరు కాయితాలకు గప్పి
తను తడిసింది.
ఆజంజాహి మిల్లు కార్మికుల జ్ఞాపకాలు:
ఐదు కాపీలు, నల్ల రెగ్జిన్, రేపు పొద్దుగాల్లకు.
సగం పైసలు ఇప్పుడు, సగం ఫెలోషిప్ పడ్డంక.
ఎప్పుడు పడ్తది బిడ్డా అంటే
నవ్వింది.

నంబర్ల కొరకు పేజీలు సరిజూస్తున్న.
రెండొందల పది, పదకొండు, పన్నెండు.
వేలు ఆగింది.

"అనుబంధం మూడు. సమాచారదాత పదిహేడు.
వయసు అరవై ఎనిమిది. స్పిన్నింగ్ ఖాతా.
పేరు గోప్యం."
దాని కింద:
"మిల్లు మూసిండ్రు గని కూత నా చెవుల మూతపడలే.
రాత్రి ముందుగాల చెవి లేస్తది,
దాని ఎన్క నేను లేస్త.
టిఫిను డబ్బ కోసం దేవులాడుత.
అప్పుడు యాదికొస్తది.
మల్ల పండుకుంట."

ఆ దేవులాట నాకెరుకే.
గోడ అవుతల పండుకొని
గిన్నెల సప్పుడు విన్న, ఎన్ని రాత్రులో.
పిల్లి అనుకున్న కొన్నిసార్లు.
మా నాయిన. బైరి సమ్మయ్య.

ఈ పిల్ల మా ఇంటికెప్పుడొచ్చింది?
నేను కొట్ల ఉన్నప్పుడై ఉంటది,
ఎవలిదో వీపు కుట్టుకుంట.
ముప్పై ఏండ్లు ఒక్క ఇంట్ల ఉండి
నేను అడగని ముచ్చట
ఒక పగటీలి అడిగి పట్టుకపోయింది.

నాలుగో అధ్యాయంల అదే మాట మల్ల కనబడ్డది
ఇస్త్రీ జేసుకొని:
"కార్మికుల కాలస్పృహ యంత్రధ్వనిచే నియంత్రితమైనది."
తప్పని అనను.
నాయిన విన్నా అది తన మాటని గుర్తువట్టకపోవు.

ఏడాదికి పేపర్ల ఫోటో.
ఉత్తమ సిద్ధాంత గ్రంథానికి పసిడి పతకం.
మౌలికత, పద్ధతి, లోతు అని మెచ్చుకున్నరట పెద్దలు.
చేతుల నేను గట్టిన నల్ల పుస్తకం.
'కార్మిక'ల మ కింది గీత జరంత పక్కకు వోయింది,
నా ఒక్కనికే కనబడ్డది.
నాయిన పోయి అప్పటికి ఏడు నెలలు.
పేపరు మడిచి గోందు డబ్బ కింద వెట్టిన.
చింపలేదు, అతికియ్యలేదు.

మొన్న లైబ్రరీ అటెండరు తెచ్చిండు దాన్ని.
"వీపు పగిలిందన్నా, మల్ల గట్టు."

చూసిన.
మొదటి అధ్యాయం కాడ గాదు.
కృతజ్ఞతల కాడ గాదు.
రెండొందల పన్నెండు కాడ.
అంచుకు చాయ మరక, పసుపు అంటిన బొటనేలు ముద్ర,
పెన్సిలుతోని ఎవలో సన్నగ
"మా తాత గూడ."

పతకం ఇచ్చినోళ్లు అంతదాక పోయిన్రో లేదో.
ఎవలో పోయిన్రు.

పాత గోందు గీకిన, బట్ట మార్చిన,
దారం అంతట బిగిచ్చి కుట్టిన.
ఆ ఒక్క జాగల ఒదులు వెట్టిన.
బల్ల మీద వెడితే ఇప్పుడు
దానంతటదే అక్కడ తెరుసుకుంటది.
మా పనిల అది తప్పే.
ఎవలన్న అడిగితే దారం పాతదని చెప్త.

కరుణ ఆ సగం పైసలు ఇంక ఇయ్యలే.
మొన్న బస్టాండు కాడ కనబడి తల దించుకున్నది.
చాయ తాగుదాం రా బిడ్డా అన్న.